కొల్లేటి రేవులో తాడందుకునే చెయ్యి

కైకలూరు: పడవ ఒడ్డుకు వస్తుంటే రేవులో ఉన్నవాడు ఎవరైనా సరే, చేతిలో పని పక్కన పెట్టి తాడు అందుకోవాలి. కొల్లేటి లంకల్లో ఇది ఎవరూ బడిలో నేర్చుకున్న పాఠం కాదు. వచ్చేవాడు చుట్టమా, పరాయివాడా, మొన్న చెరువు గట్టు దగ్గర తగువు పడినవాడా అన్న విచారణ ఆ సమయంలో ఉండదు. తాడు అందుకుని, పడవ ముక్కు ఒడ్డుకు ఆనేదాకా లాగి పట్టి, ముసలీ ముతకా దిగిన తర్వాతనే తన పని చూసుకుంటాడు. తగువు సంగతి ఒడ్డున నిలబడి తర్వాత తేల్చుకోవచ్చు.

రోడ్లు పడి, ఆటోలు తిరిగే ఈ రోజుల్లో రేవు మర్యాదల గోల ఎందుకని అడిగేవారుంటారు. వంతెనలు వచ్చాక పుట్టిన పిల్లల్లో చాలామంది పడవ ఎక్కి ఎరగరు. ఎక్కినా అది ఆటపాకలో పక్షులను చూడటానికే. రేవులో గుంజలు ఊడిపోయాయి, మెట్లను గుర్రపుడెక్క మింగేసింది. అలాంటప్పుడు పాత సంగతులు తవ్వడం దేనికంటే, 2024లో వచ్చిన వరదే జవాబు.

ఆ సంవత్సరం ఆగస్టు 31, సెప్టెంబరు 1 తేదీల్లో కురిసిన వానలకు బుడమేరుకు గండ్లు పడి విజయవాడలో సింగ్‌నగర్ ప్రాంతం మునిగిన సంగతి లోకమంతా చూసింది. పట్నంలో నీళ్ళు తీస్తున్నాయన్న వార్త వచ్చేసరికి ఇక్కడ నీళ్ళు పెరగడం మొదలైంది. బుడమేరు చివరకు వచ్చి చేరేది కొల్లేటికే కదా! చిన ఎడ్లగాడి దగ్గర రోడ్డు మీద నీరు పారి ఏలూరు-కైకలూరు రాకపోకలు ఆగిపోయాయి. పెనుమాకలంక, నందిగామలంక, ఇంగిలిపాకలంక వంటి ఊళ్ళకు దారి మునిగి మళ్ళీ పడవే గతి అయింది. పాలకేనులు, మందులు, బియ్యం బస్తాలు, నడవలేని ముసలివారు, అన్నీ పడవ మీదనే. పడవ ఎలా ఎక్కాలో మరచిపోయిన ఊళ్ళకు పడవ తిరిగి వచ్చింది.

ఇది ఒక్కసారితో పోయే ముచ్చట కాదు. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు వంటివి ఎన్నో వచ్చి కొల్లేట్లో పడతాయి. బయటకు పోయే దారి మాత్రం ఉప్పుటేరు ఒక్కటే. అదీ సుమారు 60 కిలోమీటర్లు వంకలు తిరుగుతూ పోయి సముద్రంలో కలవాలి. అందుకే ఇక్కడ నీరు వచ్చినంత వేగంగా పోదు. ఏటి ఒడ్డున వరద రెండు రోజుల భోగం. కొల్లేటి ఒడ్డున అది రోజులు, ఒక్కొక్కప్పుడు వారాలు నిలుస్తుంది. అన్ని రోజులూ సర్కారు బోటు కోసం ఎదురు చూస్తూ కూర్చోవడం జరిగే పని కాదు. పక్కింటివాడి పడవే దిక్కు.

తాటి దోనె ఒప్పుకోని తొందర

కొల్లేటి పాత బండి తాటి దోనె. ముదురు తాటిచెట్టు మొద్దును తొలిచి చేసింది. లోతు తక్కువ నీళ్ళలో, కిక్కిస గడ్డి మధ్య సందుల్లో అంత హాయిగా పోయే సాధనం మరొకటి లేదు. అయితే దానికి ఒక గుణం ఉంది. అది సన్నన, దాని అడుగు గుండ్రన. సైకిలు మాదిరిగా బరువు నడుమ ఉన్నంతసేపు చెప్పినట్టు వింటుంది, పక్కకు ఒరిగిందంటే ఎవరి మాటా వినదు. అందుకే రెండు దోనెలను పక్కపక్కన చేర్చి అడ్డకర్రలతో బిగించి జోడు దోనె చేసేవారు. జోడు దోనె నిదానం, బరువు మోస్తుంది. ఒంటి దోనె మనిషి నడతను బట్టి నడుస్తుంది.

రేవు మర్యాదలన్నీ ఈ గుణం నుంచి పుట్టినవే. అంచు మీద కాలు వేయరాదంటారు. అది పడవకు చేసే నమస్కారమని కొందరు అనుకుంటారు గాని అసలు సంగతి వేరు. అంచు మీద వేసిన కాలు మనిషి బరువంతటినీ ఒక పక్కకు తోస్తుంది. కాలు నట్టనడుమ అడుగున పడాలి, పడగానే కూర్చోవాలి. నిలబడి ఊరివారితో కబుర్లు చెప్పే పెద్దమనిషి పడవలో అందరికంటె ప్రమాదకరమైన మనిషి. "మామ్మా, ముందు కూర్చో. ఊసులు తర్వాత చెప్పుకుందువు గాని" అని పడవ నడిపే కుర్రవాడు గద్దిస్తే మామ్మకు కోపం రాదు. రాకూడదు కూడా.

ఎక్కేటప్పుడు ముందు ఎక్కినవాడు చివరి దాకా పోవాలి. రైలు పెట్టెలో తలుపు దగ్గరే నిలబడే అలవాటు ఇక్కడ పనికిరాదు. ఒడ్డు పక్కనే అందరూ గుమిగూడితే ముక్కు బరువెక్కి బురదలో దిగబడుతుంది, ఇక ఎవరు తోసినా కదలదు. దిగేటప్పుడు మరో చిక్కు. ఒడ్డు దగ్గరకు వచ్చిందని ఒకడు హుషారుగా గెంతుతాడు. అతడు ముందుకు గెంతినంత బలంతో పడవ వెనక్కి పోతుంది. అతడి కాలు ఒడ్డుకు అందదు. వెనక దిగబోయే ఆడమనిషి చంకలో బిడ్డతో తూలుతుంది. రేవులో తాడు పట్టుకున్న చెయ్యి ఉంటే ఈ రెండూ జరగవు. మొదట దిగినవాడు తాడు పట్టుకుని నిలబడితే వెనకవారికి పడవ ఇంటి అరుగంత నిదానంగా ఉంటుంది. తాను దిగాను కదా అని చెప్పులు చేతబట్టుకుని పోయేవాణ్ణి రేవులో మర్యాద తెలియనివాడి కింద లెక్కగట్టడం న్యాయమే.

బరువు సంగతి చెప్పనక్కరలేదు. బస్తాలు అడుగున నడుమ, మనుషులు అటూ ఇటూ సమంగా. మేక ఉంటే దానికి ఒక మనిషి. బల్లకట్టు మీద ఎద్దును ఎక్కించేటప్పుడు దాని యజమాని ముందు నిలబడి మొహం నిమరాలి. ఎద్దు అదిరితే బల్లకట్టు మొత్తం అదురుతుంది. ఇవన్నీ పడవ మనిషి ఒక్కడి పని అనుకోవడం పొరపాటు. పడవ మనిషికి ఉన్నవి రెండే చేతులు. ఆ రెండూ గెడ మీద ఉంటాయి.

గెడ అంటే జ్ఞాపకం వచ్చింది. కొల్లేరు లోతు తక్కువ గనుక తెడ్డు కంటె గెడే ఎక్కువ పని చేస్తుంది. అడుగున బురద. గెడ వేసి తోసినప్పుడు అది బురదలో కరుచుకుంటే నడిపేవాడికి క్షణంలో రెండే దారులు. గెడ పట్టుకుని ఉంటే కాళ్ళ కింద నుంచి పడవ పోతుంది. వదిలితే పడవ పోతుంది, గెడ నీళ్ళలో నిటారుగా నిలుస్తుంది. అనుభవజ్ఞుడు వదిలేస్తాడు. అప్పుడు వెనక వచ్చే పడవవాడు అడగకుండానే ఆ గెడ పీకి తెచ్చి అందించాలి. కొత్తవాడు గెడకు వేలాడుతుంటే నవ్వడం కూడా మర్యాదలో భాగమే కాబోలు, కాని గెడ అందించిన తర్వాతనే నవ్వాలి.

ఎదురు పడవ

కిక్కిస గడ్డి మధ్య దారి రెండు దోనెలకు సరిపోకపోవడం కద్దు. రెండు పడవలు ఎదురైతే ఖాళీ పడవ గడ్డిలోకి ఒత్తుకుని బరువు పడవకు దారి ఇవ్వడం మర్యాద. కారణం సులువే. బరువు పడవను ఒకసారి ఆపితే మళ్ళీ కదిలించడానికి ఒళ్ళు పులిసిపోతుంది. వల వేసి ఉన్న చోట దారి తప్పి చుట్టూ పోవడం మరో మర్యాద. వల చిరిగితే ఒక కుటుంబానికి ఆ రోజు కూడు లేదు.

సముద్రం మీద ఓడలకు ఇదే సంగతి కాగితం మీద రాసిపెట్టారు. 1972లో దేశాలన్నీ కలిసి ఒప్పుకున్న నియమాల ప్రకారం రెండు యంత్రపు ఓడలు ఎదురెదురుగా వస్తే రెండూ తమ కుడి పక్కకు మళ్ళాలి. మన రోడ్డు మీద ఎడమ, నీటి మీద కుడి! అంతేకాదు, యంత్రం ఉన్న ఓడ తెరచాప ఓడకు, చేపల వేటలో ఉన్న పడవకు తానే తప్పుకుని దారి ఇవ్వాలి. బలమున్నవాడే తగ్గాలన్నది ఆ నియమాల మూలం. అంతకుముందు 1910లో బ్రస్సెల్స్‌లో కుదిరిన ఒప్పందంలో మరో మాట ఉంది. సముద్రంలో ప్రాణాపాయంలో ఉన్నవాడు కనబడితే, తన ఓడకు ముప్పు లేనంతవరకు, వాడు శత్రువే అయినా సరే కప్తాను సాయం చేసి తీరాలని. చెరువు గట్టు తగువు సంగతి పైన చెప్పుకున్నాం.

మన జిల్లా పెద్దలకు కాలువ పడవల కాలం జ్ఞాపకం ఉంటుంది. సర్ ఆర్థర్ కాటన్ ధవళేశ్వరం దగ్గర ఆనకట్ట పని 1847లో మొదలుపెట్టి 1852 నాటికి పూర్తి చేశాడు. బెజవాడ ఆనకట్ట 1855కు పూర్తయింది. ఆ కాలువలు పొలాలకు నీళ్ళివ్వడంతోపాటు పడవల రవాణాకూ పనికివచ్చేలా తవ్వినవి. కృష్ణ పక్క నుంచి ఒకటి, గోదావరి పక్క నుంచి ఒకటి ఏలూరులో కలుసుకునేవి. ధాన్యం, బెల్లం, కలప, పెళ్ళివారు, అన్నీ ఆ దారినే. గాలి లేనప్పుడు మనుషులు గట్టు మీద నడుస్తూ తాడుతో పడవను లాగేవారు. ఒకే గట్టున రెండు పడవలు ఎదురైతే తాళ్ళు చిక్కుపడతాయి గదా! ఒకరు ఆగి తాడు వదులు చేసి నీళ్ళలో మునగనిస్తే, రెండో పడవ దాని మీదుగా దాటిపోవాలి. ఎవరు ఆగాలన్న దాని మీద మాటామాటా అనుకోవడమూ ఉండేదేమో, కాని ఎవరో ఒకరు ఆగకపోతే ఇద్దరూ అక్కడే ఉంటారు.

లాకుల దగ్గర ఈ సంగతి మరీ స్పష్టం. లాకు తలుపులు మూసి నీరు పెంచేదాకా, దించేదాకా పడవలు వరుసలో నిలవాలి. వెనక వచ్చినవాడు ముందుకు దూరితే తొట్టిలో పడవలు అడ్డంగా పడి తలుపులు మూతపడవు. పురిటినొప్పుల మనిషి ఉన్న పడవ వస్తే మాత్రం వరుస ఊసెత్తరాదు. నేటి అంబులెన్సుకు దారి ఇవ్వని కారువాడికి ఆనాటి పడవవాణ్ణి చూపించాలనిపిస్తుంది.

మరొక్క ముచ్చట. కైకలూరు 2022 ఏప్రిల్ 4న ఏలూరు జిల్లాలోకి వచ్చింది. అంతకుముందు కృష్ణా జిల్లా. ఏలూరేమో పశ్చిమ గోదావరి. అంటే ఎన్నో ఏళ్ళు ఈ కొల్లేటి మీద జిల్లా సరిహద్దు ఉండేది. ఆ గీతను ఏ దోనె అయినా చూసిందా అంటే అనుమానమే. ఈ ఒడ్డువాడు ఆ ఒడ్డున "బాబాయ్, తాడందుకో" అంటే అందుకున్నారు. నీళ్ళ మీద పరాయి మనిషిని పేరు పెట్టి పిలవరు. బాబాయో, అన్నయ్యో, అమ్మాయో, మామ్మో అవుతారు. పిలుపు కుదిరాక తాడు అందుకోకుండా ఉండటం కష్టం.

యంత్రం వచ్చిన తర్వాత

ఇంజను పడవ వచ్చి పని తేలికైంది. దాంతోపాటు అల వచ్చింది. తాటి దోనె అంచు నీటికి జానెడు ఎత్తున ఉంటుంది. మోటారు పడవ జోరుగా పక్కనుంచి పోతే దాని అల దోనెలోకి నీళ్ళు పోసి పోతుంది. దోనెలో ఉన్నవాడు గెడ పక్కన పెట్టి డబ్బాతో నీళ్ళు తోడుకోవాలి. మోటారువాడు వెనక్కి తిరిగి చూడడు గనుక అతడికి ఈ సంగతి తెలియనైనా తెలియదు. దోనె కనబడగానే ఇంజను జోరు తగ్గించి, దాటిన తర్వాత పెంచాలి. రెండు నిమిషాల పని. వరద రోజుల్లో ఇది మరింత ముఖ్యం. మునిగిన వీధుల్లో బోటు జోరుగా పోతే అల ఇళ్ళలోకి కొడుతుంది. మట్టిగోడ నానిపోయి ఉంటుంది, దానికి ఆ దెబ్బ చాలు.

ఆటపాకలో అటవీ శాఖవారి పక్షుల కేంద్రానికి చలికాలంలో దూరాభారం నుంచి జనం వస్తారు. గూడకొంగలు, ఎర్రకాళ్ళ కొంగలు గూళ్ళు కట్టి పిల్లలను సాకే వేళ అది. కొల్లేటిని 1999లో అభయారణ్యంగా ప్రకటించారు. 5వ కాంటూరు వరకు 308 చదరపు కిలోమీటర్లు. 2002లో రామ్‌సర్ జాబితాలోనూ చేరింది. ఇంత ఘనత ఉన్న చోట షికారు పడవ ఎక్కినవారికి ఒక్క విన్నపం. గూడకొంగ కనబడగానే అందరూ ఫోనులు ఎత్తి ఒకే పక్కకు లేవకండి. పక్షి ఎటూ పోదు. పడవ పోతుంది. పడవ మనిషి "కూర్చోండి" అంటే అది మీ సరదాకు అడ్డు చెప్పడం కాదు. రక్షణ చొక్కా బిగించుకోమంటే ఫొటో బాగుండదని విప్పి ఒళ్ళో పెట్టుకునేవారున్నారు. ఒళ్ళో ఉన్న చొక్కా ఎవరినీ తేల్చదు.

ఇది బెదిరింపు మాట కాదు. 2017 నవంబరు 12న, కార్తీకమాసపు ఆదివారం సాయంత్రం, ఇబ్రహీంపట్నం పవిత్ర సంగమం దగ్గర అనుమతి లేని షికారు పడవ కృష్ణలో తిరగబడి 20 మందికి పైగా ప్రాణాలు పోగొట్టుకున్నారు. 2019 సెప్టెంబరు 15న పాపికొండలకు బయలుదేరిన రాయల్ వశిష్ఠ బోటు కచ్చులూరు దగ్గర గోదావరి వరదలో మునిగింది. ఆ ప్రమాదంలో 26 మంది బతికి బయటపడ్డారు. వారిని ఒడ్డుకు చేర్చడానికి ముందుగా వెళ్ళింది చుట్టుపక్కల ఊళ్ళవారు, తమ నాటు పడవల మీద. పెద్ద బోటునే మింగిన వరదలోకి చిన్న పడవ వేసుకుని పోవడమంటే ఏమిటో నీటి మనుషులకు విడమరచి చెప్పనక్కరలేదు. ఆ పూట వాళ్ళు ఎవరి అనుమతి కోసమూ ఆగలేదు.

కేరళలో 2018 ఆగస్టు వరదలప్పుడు కడలి మీద వేట చేసుకునే మత్స్యకారులు తమ పడవలను లారీలకెక్కించుకుని మునిగిన ఊళ్ళలోకి పోయారు. వేలాది మందిని బయటకు తెచ్చారు. మలప్పురం జిల్లాలో ఒక మత్స్యకారుడు బోటు ఎత్తుగా ఉండి ఆడవారు ఎక్కలేకపోతుంటే నీళ్ళలో మోకాళ్ళూ చేతులూ ఆనించి వంగి తన వీపునే మెట్టుగా చేశాడు. ఆ దృశ్యాన్ని దేశమంతా చూసింది. పేపర్లవారు దాన్ని వింతగా రాశారు. అతడికి మాత్రం అది పడవ ఎక్కించడం, అంతే.

విదేశాల్లో రేవు తీరు వేరు. అమెరికా, ఆస్ట్రేలియా వంటి చోట్ల సరదాకు పడవ ఉన్నవారు దాన్ని చక్రాల బండి మీద పెట్టి కారుకు తగిలించుకుని తెస్తారు. చెరువుగట్టున సిమెంటు చప్టా ఏటవాలుగా నీళ్ళలోకి దిగి ఉంటుంది. కారును వెనక్కి నడిపి పడవను ఆ చప్టా మీద నుంచి నీళ్ళలోకి జార్చాలి. సెలవు రోజుల్లో అక్కడా పెద్ద వరుసే. కట్లు విప్పడం, సామాను సర్దడం చప్టా మీద కాకుండా ముందే పక్కన కానిచ్చుకోవాలని, చీకట్లో వెనక్కి వచ్చేవాడి కళ్ళలో పడకుండా దీపాలు తగ్గించుకోవాలని, తడబడుతున్న కొత్తవాడి మీద హారను కొట్టకుండా దిగి తాడు పట్టాలని వాళ్ళూ చెప్పుకుంటారు. లక్షలు పోసి కొన్న పడవకైనా తాడు పట్టడానికి రెండో మనిషి కావాలన్నమాట.

రేవు బాగుంటే గదా

మర్యాద మనుషుల్లో ఉన్నా కాలు పెట్టే చోటు ఉండాలి. ఫాల్గుణంలో కొల్లేటికోట పెద్దింట్లమ్మ జాతర వచ్చినప్పుడు దారులు, రేవులు శుభ్రపడతాయి. తర్వాత ఏడాదంతా పట్టించుకునే నాథుడు ఉండడు. లంక ఊళ్ళ రేవుల్లో గుర్రపుడెక్క పేరుకుపోతే పడవ ఒడ్డుకు రాదు. పది గజాల అవతల ఆగుతుంది. జబ్బుమనిషిని ఆ పది గజాలూ బురదలో మోయాలి. డెక్క తీయడం ఒకరి వల్ల అయ్యే పని కాదు. ఇంటికొక మనిషి చొప్పున వస్తే ఒక పూటలో రేవు మేర తేరుతుంది. వరదకు ముందు తీసినదానికీ, వరదలో తీయబోయినదానికీ ఎంత తేడా ఉంటుందో 2024లో తెలిసింది.

దీనికి తోడు పంచాయతీలు చేయగలిగినవి కొన్ని ఉన్నాయి. ఊళ్ళో ఎవరెవరికి పడవ ఉంది, ఏది ఎంతమందిని మోస్తుంది, రాత్రిపూట పిలిస్తే ఎవరు లేస్తారు అన్నది ఒక కాగితం మీద రాసి పంచాయతీ గోడకు అంటిస్తే చాలు. నెలలు నిండినవారు, మంచాన ఉన్నవారు ఏ ఇంట్లో ఉన్నారో ఆ కాగితం వెనకే రాసుకోవచ్చు. వరద రోజుల్లో ఊరి పడవలు వాడుకున్నాక చిరిగిన తాడుకో, పగిలిన అడుగుకో ఇంత అని ఊరు పోగుచేసి ఇవ్వడం మరచిపోరాదు. సాయం చేసినవాడే నష్టపోతే మరుసటి వరదకు అతడి పడవ ఇంటి వెనక బోర్లా పడి ఉంటుంది.

పిల్లల సంగతి పెద్దలకు వదిలిపెట్టవలసిందే. ఎండాకాలం సెలవుల్లో ఒక ఉదయం ఒంటి దోనెలో నట్టనడుమ కాలు వేసి కూర్చోవడం, గెడ కరుచుకుంటే వదిలేయడం, తాడు విసరడం, విసిరిన తాడు అందుకోవడం నేర్పితే సరిపోతుంది. తాడు విసరడం చూసినంత తేలిక కాదు. చుట్ట చుట్టి, సగం ఒక చేతిలో, సగం మరో చేతిలో పెట్టుకుని, అందుకునేవాడి మొహం మీదకు గాక భుజం పక్కకు విసరాలి.

ఇక గుంజ. రేవులో గట్టి గుంజ ఒకటి ఉంటే మనిషి లేని వేళ అదే తాడు పట్టుకుంటుంది. పాతబడిన తాటి మొద్దు ఒకటి, గునపం పట్టే ఇద్దరు మనుషులు, అరపూట. వానలు పడకముందే పాతితే మట్టి బిగుస్తుంది.